అమెరికాలో దేశభక్తి: మారుతూ వచ్చిన అర్థం

1776లో అమెరికా వలస రాజ్యాలలో ‘దేశభక్తులు’ అనిపించుకున్నవారు బ్రిటిష్ రాజును ధిక్కరించినవారే. రాజు పక్షాన నిలిచినవారిని ‘విధేయులు’ అన్నారు. అంటే ఆ దేశంలో ఈ మాటకు తొలినాళ్లలో ఉన్న అర్థం అధికారాన్ని ఎదిరించడం. అదే మాట క్రమంగా ప్రభుత్వ విధేయతకు మారుపేరు ఎట్లా అయిందో తెలియాలంటే పాఠశాలల్లోని పతాక వందనాన్ని చూడవలసి ఉంది.

పతాక ప్రతిజ్ఞను 1892లో ఫ్రాన్సిస్ బెల్లమీ అనే బాప్టిస్టు మతబోధకుడు రచించాడు. అందులో మొదట ‘నా పతాకం’ అని మాత్రమే ఉండేది. వలస వచ్చినవారు తమ స్వదేశపు జెండాను తలచుకుంటారేమోనని 1923-24లో అమెరికా పేరు చేర్చారు. ప్రతిజ్ఞలోకి అనుమానం ప్రవేశించింది అప్పుడే.

ఈ వందనాన్ని న్యాయస్థానం దాకా తెచ్చింది యెహోవా సాక్షుల పిల్లలు. పతాకానికి మొక్కడం విగ్రహారాధనతో సమానమని ఆ వర్గం విశ్వాసం. పెన్సిల్వేనియాలో వందనం చేయని ఇద్దరు పిల్లలను బడి నుండి తొలగించగా, 1940లో సుప్రీంకోర్టు 8-1 మెజారిటీతో బడి పక్షమే వహించింది. ఆ తీర్పు తరువాత పలుచోట్ల మూకలు యెహోవా సాక్షులపై దాడిచేశాయి. మెయిన్ రాష్ట్రంలోని కెన్నెబంక్‌లో వారి ప్రార్థనా మందిరాన్ని తగులబెట్టాయి.

మూడేళ్లకే న్యాయస్థానం తన మాటను మార్చుకుంది. 1943 జూన్ 14న, బార్నెట్ కేసులో, వందనాన్ని నిర్బంధించే అధికారం ప్రభుత్వానికి లేదని 6-3 మెజారిటీతో తేల్చింది. లేని నమ్మకాన్ని పౌరుని నోట బలవంతంగా పలికించరాదన్నది న్యాయమూర్తి జాక్సన్ వాదన సారాంశం. అమెరికా ప్రపంచయుద్ధంలో పోరాడుతున్న రోజులవి. అటువంటి వేళ ఈ మాట చెప్పడం సామాన్యమైన సంగతి కాదు. కేరళలో జాతీయగీతం పాడకుండా గౌరవంగా నిలబడిన ముగ్గురు పిల్లల కేసులో, 1986లో మన సుప్రీంకోర్టు వారి పక్షాన తీర్పు చెప్పినప్పుడు, ఆ తీర్పు వ్రాసిన తెలుగువారైన న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి బార్నెట్ కేసును కూడా ప్రస్తావించారు.

బడిపిల్లల విషయంలో ఇంత స్పష్టత వచ్చినా, సైన్యం పిలుపు వచ్చేసరికి చిక్కు మళ్లీ మొదటికి వచ్చింది. వియత్నాం యుద్ధకాలంలో, 1967 ఏప్రిల్ 28న, ముహమ్మద్ అలీ మతవిశ్వాసం కారణంగా సైన్యంలో చేరడానికి నిరాకరించారు. బాక్సింగ్ బిరుదు పోయింది. అయిదేళ్ల జైలుశిక్ష, 10,000 డాలర్ల జరిమానా పడ్డాయి. అప్పీలు మీద జైలుకు వెళ్లలేదు గాని, మూడేళ్లకు పైగా బరికి దూరమయ్యారు. చాలామంది ఆయనను దేశద్రోహి అన్నారు. 1971లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా శిక్షను రద్దుచేసింది. అయితే ఆయన అభ్యర్థనను తోసిపుచ్చిన అప్పీలు బోర్డు కారణం చూపలేదన్న సాంకేతిక విషయమే ఆ తీర్పుకు ఆధారం. అంతఃకరణ స్వేచ్ఛకు అది పెద్ద విజయమని చెప్పడం అతిశయోక్తి.

2001లో, న్యూయార్క్, వాషింగ్టన్ దాడుల తరువాత, నిఘా అధికారాలను పెంచిన చట్టానికి ‘పేట్రియట్’ అనే పేరే పెట్టారు. గ్రంథాలయాల రికార్డులను సైతం కోరే వీలు అందులో ఉన్నందుకు గ్రంథపాలకులు గట్టిగా అభ్యంతరం తెలిపారు. ఆ చట్టంపై సంతకం చేసిన అధ్యక్షుడు జార్జి బుష్, 2005లో ముహమ్మద్ అలీకి దేశపు అత్యున్నత పౌర పురస్కారాన్ని ప్రదానం చేశారు.