కంఠసర్పి: బాక్టీరియాకు విషాన్నిచ్చే వైరస్



గొంతునొప్పి, జ్వరంతో బిడ్డను తెస్తే మేము ముందుగా నోరు తెరిపించి టార్చిలైటుతో గొంతు చూస్తాం. టాన్సిల్స్‌పై బూడిదరంగు పొర, మెడ వాపు ఉంటే కంఠసర్పి (డిఫ్తీరియా) అని అనుమానించి, వెంటనే డాక్టరుగారిని పిలుస్తాం. బిడ్డను వేరే గదిలో ఉంచుతాం.

ఈ జబ్బు బాక్టీరియా వల్ల వస్తుంది. అయితే ఆ బాక్టీరియా అన్నిటికీ విషం ఉండదు. విషం లేని వాటికి ఒక రకం వైరస్ సోకితే అవి విషం తయారుచేస్తాయని 1951లో అమెరికా శాస్త్రజ్ఞుడు విక్టర్ ఫ్రీమన్ తెలియజేశారు. బాక్టీరియాకు సోకే ఇటువంటి వైరస్‌లను ఫేజ్‌లు అంటారు. విషపు జన్యువు ఫేజ్‌దే. బాక్టీరియా దాన్ని తనలో కలుపుకొని తన సంతతికీ అందిస్తుంది. కలరా విషపు జన్యువును మోసేదీ ఫేజేనని 1996లో తేలింది.

యాంటీబయాటిక్ బాక్టీరియాను చంపుతుంది గాని, అప్పటికే రక్తంలో చేరిన విషాన్ని విరచలేదు. దానికి యాంటీటాక్సిన్ ఇవ్వాలి. కణాల్లోకి వెళ్ళిపోయిన విషాన్ని అదీ ఆపలేదు. ఆ విషం గుండెను, నరాలను దెబ్బతీస్తుంది. అందుకే మందుల షాపు మాత్రలతో ఒక్కరోజు కూడా గడపవద్దు.

టీకా ఈ విషం నుండే కాపాడుతుంది. 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్, 16–24 నెలలకు, 5–6 ఏళ్ళకు డి.పి.టి. బూస్టర్, 10, 16 ఏళ్ళకు టి.డి. వేయించాలి. చంటిబిడ్డ టీకాలతోనే చాలామంది ఆపేస్తున్నారు. ఈ రోజే కార్డు తీసి చూడండి. ఏదైనా తప్పిపోయి ఉంటే బిడ్డను తీసుకురండి. దేవుడు మీ పిల్లలను కాపాడును గాక.