మన బిడ్డలు ఎప్పుడు వస్తారు?



కృత్తివెన్నులో మేము చిన్నతనములో ఉన్న వీధి చివర ఒక పెద్దమ్మ ఉండేది. ఆమెకు చదువు రాదు. కుమారుడు మిలటరీలో సిపాయి. 1987 చివరలో అతని పటాలమును శ్రీలంకకు పంపారు. అతడు రాసే ఉత్తరముల మీద ఊరి పేరు ఉండేది కాదు. ఒక నంబరు, ఎ.పి.ఓ. అనే అక్షరములు మాత్రము ఉండేవి. ఆ ఉత్తరములు చదివి వినిపించే పని మాది. అప్పుడు మేము ఎలిమెంటరీ స్కూలులో ఉన్నాము. చదవటం పూర్తయ్యాక ఆమె ప్రతిసారీ ఒకటే ప్రశ్న అడిగేది.

“ఎప్పుడొస్తాడని రాశాడ్రా అబ్బాయ్?”

ఉత్తరములో అది ఉండేది కాదు. “రాయలేదు పెద్దమ్మా” అంటే, “మళ్లీ ఒకసారి సరిగ్గా చూడు” అనేది. మళ్లీ చూసినట్టు నటించేవాళ్లము.

సిలోన్ అంటే మన పల్లెవాళ్లకు అంతవరకు రేడియోయే. సిలోన్ రేడియోలో తెలుగు పాటలు విన్న ఆ తరమువారికి, ఆ దేశములో మన పిల్లలు తుపాకులు పట్టుకొని ఎందుకు తిరుగుతున్నారో అర్థము కాలేదు. మాకూ కాలేదు. పెద్దవారమయ్యాక చదివి తెలుసుకున్నాము. ఈమధ్య సంఘములో కొందరు యౌవనస్థులు, “పాస్టరుగారూ, ఫలానా దేశము తన సైన్యమును వెనక్కు తీసుకుంటానంటోంది, నమ్మవచ్చునా?” అని అడిగినప్పుడు మాకు ముందుగా జ్ఞాపకము వచ్చినది ఆ పెద్దమ్మే. అందుకే పరదేశముల సంగతి కంటె ముందు మన సొంత సంగతి చెప్పుకుందాము.

1987 జూలై 29న కొలంబోలో మన ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒక ఒప్పందము మీద సంతకాలు చేశారు. అక్కడి తమిళులకు కొంత స్వపరిపాలన ఇవ్వాలి, పోరాడుతున్నవారు ఆయుధములు విడిచిపెట్టాలి. 48 గంటలలో కాల్పులు ఆగాలని, ఆ తరువాత 72 గంటలలో ఆయుధములు అప్పగించాలని అందులో ఉంది. చదువరులు గమనించాలి, లెక్క గంటలలో ఉంది. అవసరమైతే శాంతి కాపాడటానికి భారత సైన్యమును పిలిపించుకోవచ్చునని అనుబంధములో చేర్చారు. వెళ్లిన సైన్యము ఎన్నడు తిరిగి రావాలో మాత్రము ఎక్కడా రాయలేదు. తుపాకులకు గంటలు కట్టినవారు, మనుషులకు నెలలైనా కట్టలేదు.

ఆ అక్టోబరులోనే మన సైన్యమునకు, ఎల్.టి.టి.ఈ. వారికి యుద్ధము మొదలైంది. శాంతి దళము అన్న పేరు మాత్రము అలాగే ఉండిపోయింది. పదుల వేలమందిని పంపవలసి వచ్చింది. అది దాదాపు 32 నెలలు సాగింది. సుమారు 1,200 మంది మన జవానులు తిరిగి రాలేదు.

ఇక 1989వ సంవత్సరము. అది తేదీల సంవత్సరము. భారత సైన్యమును పంపించివేస్తానని ఎన్నికలలో చెప్పి గెలిచిన ప్రేమదాస ఆ జనవరిలో శ్రీలంక అధ్యక్షుడయ్యారు. జూన్ 1న ఆయన బహిరంగముగా గడువు పెట్టారు. జూలై 29 నాటికి మీవాళ్లు వెళ్లిపోవాలన్నారు. ఢిల్లీ ఒప్పుకోలేదు. ఎప్పుడు ఎంతమంది రావాలో ఇద్దరమూ కూర్చొని తేల్చాలని, తమిళుల భద్రత, అధికారాల బదిలీ తేలకుండా వదిలి రాలేమని చెప్పింది. అప్పుడు విదేశాంగ మంత్రి మన తెలుగువాడు పి.వి. నరసింహారావుగారు. ఉత్తరాల మీద ఉత్తరాలు నడిచాయి. గడువుకు ముందురోజు రాజీ కుదిరింది. జూలై 29న సుమారు 600 మంది జవానులు ఓడ ఎక్కారు.

టీకొట్టు దగ్గర పేపరులో ఆ వార్త విని మేము పరుగెత్తుకొని వెళ్లి పెద్దమ్మకు చెప్పాము. “వచ్చేస్తున్నారంట పెద్దమ్మా!” ఎంతమంది వస్తున్నారో, ఎంతమంది ఉండిపోతున్నారో మాకేమి తెలుసు? ఆమె ఆ పూటే అరిసెలకు బియ్యము నానబోసింది. బెల్లము అప్పు తెచ్చింది. రెండు రోజులు, నాలుగు రోజులు చూసింది. పిండి పులిసిపోయింది. ఆమె మమ్మల్ని ఒక్కమాట అనలేదు. ఈనాటికీ ఆ వాసన మాకు జ్ఞాపకమే.

ఆ 29వ తేదీకి నాలుగు రోజులకే, ఆగస్టు 2న, జాఫ్నా దగ్గరి వాల్వెట్టితురైలో దాడి జరిగి 6గురు భారత సైనికులు చనిపోయారు. దాని తరువాత మన సైనికుల చేతిలో 50 మందికి పైగా సామాన్య ప్రజలు చంపబడ్డారు. ఈ రెండవ వాక్యము రాయటము మాకు కష్టముగానే ఉంది. కాని సైన్యము పరాయి ఊరిలో ఒక్కొక్క రోజు ఎక్కువ ఉంటే ఆ రోజు ఖరీదు ఏమిటో, అది ఇరువైపులా ఎవరు చెల్లిస్తారో ఈ సంగతి చెప్పకుండా చెప్పలేము. అక్కడా తల్లులే. మా వీధి కుర్రవాడు ఆ సమయములో ట్రింకోమలీ వైపు ఉన్నాడని తరువాత తెలిసింది.

సెప్టెంబరు 18న రెండు ప్రభుత్వములు మరొక ఒప్పందము చేసుకున్నాయి. 20వ తేదీ నుండి మన సైన్యము దాడులు ఆపాలి. డిసెంబరు 31 నాటికి అందరినీ వెనక్కు రప్పించటానికి అన్ని ప్రయత్నములు చేయాలి. “అన్ని ప్రయత్నములు” అన్న మాట దగ్గర ఆగండి. మన కరణాల కాలము నుండి సర్కారు కాగితములు చదివినవారికి ఆ మాట బరువు తెలుసు. డిసెంబరు 31 వచ్చింది, వెళ్లింది. కొందరు వచ్చారు, కొందరు రాలేదు.

ఈలోగా ఎన్నికలు జరిగాయి. మన జిల్లా నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి. రామారావుగారు అధ్యక్షులుగా ఉన్న నేషనల్ ఫ్రంట్ ఢిల్లీలో అధికారమునకు వచ్చింది. డిసెంబరు 2న వి.పి. సింగ్ ప్రధాని అయ్యారు. కొత్త ప్రభుత్వము మార్చి 31 అని తేదీ చెప్పింది. వారం ముందుగానే, 1990 మార్చి 24న, చివరి దళము ట్రింకోమలీలో ఓడ ఎక్కింది. మద్రాసులో దిగినవారికి స్వాగతము పలకటానికి ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. తమిళుల మీద యుద్ధము చేసి వచ్చిన సైన్యమని ఆయన అభ్యంతరము. సిపాయి ఎవరి మాట మీద వెళ్లాడో, ఎవరి మాట మీద నిలబడ్డాడో ఎవరూ అడగలేదు.

పాత ప్రభుత్వము అబద్ధమాడిందా అని అడిగితే, అంత తేలికగా అవునని మేము అనము. అది చెప్పిన కారణము నిజమైనదే. ఈశాన్య రాష్ట్రములో మన సైన్యము అండ చూసుకొని పరిపాలనకు కూర్చున్న తమిళులు ఉన్నారు. సైన్యము వచ్చేస్తే వారి గతి ఏమిటి? సైన్యము ఓడ ఎక్కుతున్న ఆ మార్చిలోనే అక్కడి ముఖ్యమంత్రి వరదరాజ పెరుమాళ్ దేశము విడిచి ఇండియాకు రావలసి వచ్చింది. జూన్‌లో మళ్లీ యుద్ధము మొదలైంది, 2009 మే వరకు ఆగుతూ సాగుతూ నడిచింది. అయితే ఉండిపోయిన 32 నెలలూ ఆ భయమును తీర్చాయా? తీర్చలేదు. వెళ్లకపోవటానికి చెప్పే కారణము వెళ్లకపోవటము వలననే ఇంకా పెద్దదవుతూ వచ్చింది. మా అనుమానమంతా ఇక్కడే ఉంది. కారణము నిజమైనంత మాత్రాన తేదీ నిజము కాదు.

నిజానికి మన తీరమువారికి ఈ విద్య ఎవరూ నేర్పనక్కరలేదు. 1977 నవంబరు ఉప్పెన చూసిన దివిసీమ పెద్దలు కరకట్ట గురించి మంత్రిగారి మాట వినరు, మట్టి లారీలు వచ్చాయా అని చూస్తారు. బందరు పోర్టుకు 2008లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో ఒకసారి, మూడు ప్రభుత్వములు మూడు శంకుస్థాపనలు చేశాయి. మూడు సభలకూ మన ఊళ్ల నుండి బస్సులలో వెళ్లినవారు ఉన్నారు. భోజనము బాగానే పెట్టారని చెప్పారు. పోర్టు విషయములో ఇంత తెలివిగా ఉన్నవారము, సైన్యము మాట వచ్చేసరికి ఎందుకు తడబడతాము? దేశభక్తి అడ్డము వస్తుంది. అనుమానించటము జవానును అవమానించటమేమోనని భయపడతాము. అనుమానము జవాను మీద కాదు, అతనికి తేదీ చెప్పేవారి మీద.

పోనిమ్మంటానని మాట ఇచ్చి, కప్పల బాధ తీరగానే మనసు మార్చుకున్న ఫరో సంగతి సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. ఎప్పుడని మోషే అడిగినప్పుడు అతడు చెప్పినది కూడా రేపు అనే. ఆ ఐగుప్తులోనే 1882లో దిగిన బ్రిటిషు సైన్యము, త్వరలో వెళ్లిపోతామని పదేపదే చెబుతూ 1956 జూన్ వరకు ఉన్నది.

అలాగని అన్ని తేదీలూ తప్పవు. మనవాళ్లు శ్రీలంకలో ఉన్న కాలములోనే రష్యా సైన్యము ఆఫ్ఘనిస్తాన్‌లో ఉన్నది. 1988 ఏప్రిల్‌లో జెనీవాలో ఒప్పందము జరిగింది. మే 15న బయలుదేరటము మొదలు, ఆగస్టు 15 నాటికి సగం మంది, 1989 ఫిబ్రవరి 15 నాటికి అందరూ. అలాగే జరిగింది. చివరి సేనాని ఆ రోజుననే వంతెన దాటి వెళ్లాడు. తేడా ఎక్కడుందో చూడండి. అక్కడ సగం ఎప్పటికో రాసుకున్నారు. సగానికి తేదీ ఉంటే, ఆ రోజు సగం వెళ్లారో లేదో ఎవరైనా లెక్కపెట్టవచ్చు. అదే ఆఫ్ఘనిస్తాన్‌కు 2001లో వెళ్లిన అమెరికా, 2011 నుండి తగ్గిస్తామని, 2014 తరువాత యుద్ధము ముగిసిందని, 2021 మే 1కి వెళ్లిపోతామని, కాదు సెప్టెంబరు 11కి అని, చివరికి ఆగస్టు 30 రాత్రి వెళ్లింది. ఇరాక్ నుండి 2011 డిసెంబరులో చెప్పిన గడువులోగానే వెళ్లి, 2014లో మళ్లీ వచ్చింది. కాబట్టి వెళ్లిన తరువాత కూడా తలుపు వైపు ఒక కన్ను వేసి ఉంచాలి.

ఇదంతా దూరపు సంగతి అనుకునేవారి కొరకు ఒక్కటి. రష్యాలో ఉద్యోగమని ఏజెంట్ల మాట నమ్మి వెళ్లిన మన దేశపు కుర్రవాళ్లు ఉక్రెయిన్ యుద్ధములో చిక్కుకున్నారు. హైదరాబాదు నుండి వెళ్లి చనిపోయిన యువకుడు కూడా వారిలో ఉన్నాడు. 2024 జూలైలో ప్రధాని మోడీ మాస్కో వెళ్లినప్పుడు, వారందరినీ విడిచిపెడతామని రష్యా మాట ఇచ్చినట్టు ప్రకటించారు. ఆరు నెలల తరువాత, 2025 జనవరిలో, మన విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ఇది: మొత్తము 126 మంది. తిరిగి వచ్చినవారు 96. చనిపోయినవారు 12. ఇంకా ఉన్న 18 మందిలో 16 మంది ఆచూకీ లేదు. 96 మంది రావటము చిన్న సంగతి కాదు, అందుకు కృతజ్ఞులమే. ఆ 16 ఇండ్లలో మాత్రము జూలై ప్రకటన ఎలా వినిపిస్తుందో ఊహించండి. మన సంఘములలో పాస్‌పోర్టు చేతిలో పెట్టుకొని ఏజెంటు ఫోను కొరకు చూస్తున్న కుర్రవాళ్లు లేరా?

అధికారుల కొరకు ఆదివారము ప్రార్థన చేస్తాము, చేయాలి కూడా. సోమవారము పేపరు విప్పినప్పుడు ఎంతమంది, ఏ తేదీ, సగానికి గడువు ఉందా, “పరిస్థితులు అనుకూలిస్తే” అన్న మాట ఎక్కడైనా నక్కి ఉందా అని చూస్తే ఆ ప్రార్థన చెడిపోదు. బిడ్డను పంపిన ఇంటికి వెళ్లినప్పుడు, “వచ్చేస్తాడులే అమ్మా” అని మేము ఇప్పుడు తొందరపడి అనము. పులిసిన పిండి అడ్డము వస్తుంది. కూర్చొని, ఆ ఉత్తరము ఇటివ్వమ్మా అని అడుగుతాము. ఇప్పుడు ఉత్తరము కాదు, ఫోనులో వాయిస్ మెసేజి.

1990 మార్చిలో చివరి ఓడ బయలుదేరిన వార్త రేడియోలో విని మేము మళ్లీ పరుగెత్తాము. పెద్దమ్మ గుమ్మములో కూర్చొని చేటతో మినుములు చెరుగుతోంది.

“ఆడు రాశాడా?” అంది.

“లేదు పెద్దమ్మా, రేడియోలో చెప్పారు.”

“అయితే పక్కకు జరుగు, పొట్టు కళ్లలో పడుద్ది” అని చెరుగుతూనే ఉంది.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నము బందరు బస్సు ఆగి, ట్రంకుపెట్టెతో అతడు దిగాడు. చాలా నల్లబడి ఉన్నాడు. ఆమె ఏడవలేదు, అరవలేదు. అతని రెండు చేతులూ పట్టుకొని వేళ్లు చూసుకుంది. కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చింది. అతడు తాగుతుండగా లోపలికి వెళ్లి బియ్యము నానబోసింది.