కందకములలో సైనికుని దినచర్య

దూరపు కొండలు నునుపు అని మన సామెత. యుద్ధము విషయంలో ఈ మాట మరీ నిజం. చరిత్ర పాఠాలలో మనము యుద్ధాల తేదీలను, సంధి షరతులను, సేనానుల పేర్లను కంఠస్థం చేస్తాము. పరీక్ష వ్రాస్తాము, పిదప మరచిపోతాము. సేనాని పటముపై గీసిన గీత మీద నిలువబడిన సామాన్య సైనికుడు తెల్లవారుజామున ఎప్పుడు లేచాడు, ఏమి తిన్నాడు, ఎక్కడ పడుకున్నాడు, ఇంటికి ఏమని వ్రాయించుకున్నాడు అన్న ప్రశ్నలు మాత్రం పాఠ్యపుస్తకంలో కనిపించవు. మొదటి ప్రపంచ సంగ్రామంలో ఫ్రాన్సు, బెల్జియం దేశాల కందకములలో లక్షలాది మంది నాలుగు సంవత్సరాలు గడిపిన జీవితాన్ని స్థూలంగా పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం. వారిలో మన దేశపు సిపాయిలు కూడా ఉన్నారు కనుక ఇది మనకు కేవలం పరాయి కథ కాదు.

కందకము ఎట్లా పుట్టింది?

1914 ఆగస్టులో యుద్ధం ఆరంభమైనప్పుడు అది కొద్ది నెలలలో ముగిసిపోగలదని ఉభయ పక్షాల వారూ తలచారు. జర్మను సేనలు బెల్జియం మీదుగా ఫ్రాన్సులో ప్రవేశించి పారిస్ నగరానికి సమీపించాయి. సెప్టెంబరులో మార్న్ నది వద్ద ఫ్రెంచి, బ్రిటిషు సేనలు వారిని నిలువరించాయి. వెనుకకు తగ్గిన జర్మనులు ఏన్ నది గట్లపై గోతులు త్రవ్వుకొని నిలిచారు. ఎదుటివారికి కూడా గోతులు త్రవ్వుకొనక తప్పలేదు. మరతుపాకి, శీఘ్రంగా గుండ్లు కురిపించే ఫిరంగి వచ్చిన పిదప మైదానంలో నిటారుగా నిలబడిన మనిషికి ప్రాణరక్షణ లేకుండా పోయింది. నేలలోపల తప్ప వేరు చోటు మిగలలేదు. ఒకరినొకరు ప్రక్క నుండి చుట్టుముట్టే ప్రయత్నంలో ఈ గోతులు పొడుగుసాగి, ఆ సంవత్సరాంతానికి ఉత్తర సముద్రం నుండి స్విట్జర్లాండు సరిహద్దు వరకు సుమారు 700 కిలోమీటర్ల రేఖగా ఏర్పడ్డాయి. ఆ తరువాత మూడేళ్ళకు పైగా ఆ రేఖ పెద్దగా కదలలేదు.

కందకము అంటే ఒక్క గొయ్యి కాదు. శత్రువుకు ఎదురుగా మొదటి వరుస, దాని వెనుక సహాయ వరుస, ఇంకా వెనుక అదనపు బలగముల వరుస ఉండేవి. వీటిని కలుపుతూ రాకపోకల కందకములు ఉండేవి. అన్నము, తూటాలు, ఉత్తరాలు ఆ దారినే ముందుకు వచ్చేవి. గాయపడినవారు ఆ దారినే వెనుకకు వెళ్ళేవారు. మొదటి వరుసను తిన్నగా త్రవ్వక వంకరటింకరగా త్రవ్వేవారు. తిన్నగా ఉంటే ఒక చివర చొరబడిన శత్రువు ఆ చివర వరకు కాల్చగలడు. వంకరగా ఉంటే గుండు పేలినా దాని దెబ్బ ఒక మూలతో ఆగిపోతుంది. ముందు వైపు మట్టి సంచులతో పిట్టగోడ, దానిపై నుండి కాల్చుటకు ఎక్కి నిలబడే మెట్టు, అడుగున నీటిలో కాళ్ళు కూరుకుపోకుండా చెక్కపలకలు, గోడలో తొలిచిన చిన్న గుహలు ఉండేవి. ఫ్లాండర్సు పల్లపు ప్రాంతంలో రెండడుగులు త్రవ్వగానే నీరు ఊరేది. అక్కడ గొయ్యికి బదులు నేలపై మట్టి సంచుల గోడలే కట్టుకొన్నారు. రెండు పక్షాల నడుమ ముళ్ళతీగలతో నిండిన, ఎవరిదీ కాని నేల ఉండేది. కొన్నిచోట్ల దాని వెడల్పు కొన్ని వందల గజాలు. మరికొన్నిచోట్ల ఎదుటివారి దగ్గు వినిపించేటంత దగ్గర.

తెల్లవారినది మొదలు

సాధారణంగా దాడులు ఉషఃకాలంలో జరిగేవి. కనుక సూర్యోదయానికి ముందే ప్రతి సైనికుడు తుపాకీకి బాయొనెట్టు తగిలించి మెట్టు మీద సిద్ధంగా నిలబడవలసిందే. పూర్తిగా వెలుగు వచ్చిన తరువాత అధికారి తుపాకులను తనిఖీ చేసేవాడు. బురద పట్టిన తుపాకి పేలదు. పేలని తుపాకి యజమానికే ప్రమాదం. పిదప అల్పాహారం. చాలాచోట్ల ఆ సమయంలో ఉభయ పక్షాలూ చెప్పుకొనకుండానే కాల్పులు మానేవి. నీవు నా రొట్టె జోలికి రాకు, నేను నీ రొట్టె జోలికి రాను అన్నట్లు ఒక మౌన ఒప్పందం. పై అధికారులకు ఇది గిట్టేది కాదు గాని, ఎదురెదురుగా నెలల తరబడి బ్రతకవలసిన వారికి ఇందులోని న్యాయం తెలుసు.

పగటివేళ కందకము నిద్రపోతున్నట్లు ఉండేది. తల పైకెత్తితే పొంచి ఉన్న గురికాడు వదలడు. శత్రువును చూడవలెనంటే అద్దాలు అమర్చిన పెరిస్కోపు పెట్టెలో నుండి చూడవలసిందే. కావలివాడు గాక తక్కినవారు కూలిన గోడలను సరిచేయడం, నీటిని తోడిపోయడం, పాయిఖానా గోతులను త్రవ్వడం, బట్టలలోని పేలను ఏరుకోవడం, ఒక గంట కునుకు తీయడం వంటి పనులతో పగలు గడిపేవారు.

అసలు పని చీకటి పడిన తరువాతనే. సంధ్యవేళ మరొకసారి అందరూ సాయుధులై నిలబడిన తరువాత కందకము మేల్కొనేది. కొందరు ముళ్ళతీగలు బిగించడానికి ఎవరిదీ కాని నేలలోకి ప్రాకి వెళ్ళేవారు. కొందరు శత్రువు మాటలు వినడానికి గస్తీ పోయేవారు. మరికొందరు మైళ్ళ దూరం నుండి అన్నపు మూటలను, నీటి డబ్బాలను మోసుకొని వచ్చేవారు. ఆకాశంలో వెలుగు బాణం లేచిందంటే ఎక్కడివారు అక్కడ కొయ్యబారిపోవలసిందే, కదిలినవాడు కంటపడతాడు. కావలి కాయడం సామాన్యంగా రెండు గంటల వంతు. ఆ రెండు గంటలలో నిద్రపోవడం మరణశిక్ష విధించదగిన నేరం.

ఒకే దళాన్ని నిరంతరం మొదటి వరుసలో ఉంచేవారు కారు. కొద్ది రోజులు ముందు, కొద్ది రోజులు సహాయ వరుసలో, ఆ తరువాత వెనుక గ్రామాలలో విశ్రాంతి. విశ్రాంతి అనే పేరే గాని అక్కడ కూడా కవాతు, మోతపని తప్పేవి కావు. అయినా వేడినీటి స్నానం, ఉతికిన చొక్కా దొరికేది అక్కడే.

తిండి, బురద, వ్యాధులు

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్న మాటకు కందకమే సాక్ష్యం. బ్రిటిషు సైనికుని ఆహారం డబ్బాలో నిలువచేసిన గొడ్డుమాంసం, రాయి వలె గట్టిగా ఉండే బిస్కత్తు, జాము, టీ. ఆ బిస్కత్తును నీటిలో నానబెట్టి దంచుకొని తినేవారు. నీటిని పెట్రోలు డబ్బాలలో మోసుకొని వచ్చేవారు కనుక టీకి కూడా పెట్రోలు వాసన పట్టేది. పగలు పొయ్యి రాజేస్తే పొగ గుర్తుపట్టి గుండు వచ్చి పడే ప్రమాదం కలదు.

తూటా కంటె ఎక్కువగా వేధించింది నీరు. రోజుల తరబడి చల్లని బురద నీటిలో, బిగుతైన బూట్లతో నిలబడినవారి పాదాలు మొద్దుబారి, వాచి, నల్లబడేవి. ముదిరితే వ్రేళ్ళు, ఒక్కొక్కప్పుడు పాదమే తీసివేయవలసి వచ్చేది. 1914-15 చలికాలంలో బ్రిటిషు సేనలో సుమారు 20,000 మంది ఈ పాదవ్యాధి పాలయ్యారు. దీనికి కనుగొన్న ఉపాయం మందు కాదు, క్రమశిక్షణ. ప్రతిరోజు మేజోళ్ళు మార్చుకోవాలి. పాదాలు తుడిచి తిమింగలపు నూనె మర్దించుకోవాలి. ఇద్దరిద్దరిని జతపరచి ఒకరి పాదాలకు మరొకరిని బాధ్యులను చేశారు. అలసినవాడు తన కాలిని తాను అశ్రద్ధ చేయవచ్చును గాని తోటివాని కాలిని అశ్రద్ధ చేయడానికి సంకోచిస్తాడు. ఈ పద్ధతి వలన వ్యాధి బాగుగా తగ్గింది.

పేలు అందరికీ సమానమే. చొక్కా కుట్లలోని గ్రుడ్లను కొవ్వొత్తి మంటతో కాల్చేవారు. మరునాటికి మళ్ళీ పుట్టేవి. ఎందరినో వారాల తరబడి మంచాన పడవేసిన కందకపు జ్వరానికి మూలం ఈ పేలేనని 1918లో గాని నిర్ధారణ కాలేదు. శవాలను తిని బలిసిన ఎలుకలు నిద్రించేవారి ముఖాల మీదుగా పరుగులు తీసేవి.

1915 ఏప్రిల్ 22న ఈప్ర్ వద్ద జర్మనులు క్లోరిన్ వాయువును ప్రయోగించారు. ఈ వాయువు గాలి కంటె బరువైనది. కనుక పల్లానికి దిగి గోతులలో నిలుస్తుంది. అంతవరకు ప్రాణాలు కాపాడిన కందకమే ఆనాడు మృత్యుకూపమైంది. మొదట తడిపిన దూది గుడ్డలే శరణ్యం. మంచి ముసుగులు రావడానికి కాలం పట్టింది. ఇంకొక గాయం శరీరానికి కనిపించనిది. ఎడతెగని ఫిరంగి మోతకు వణుకు పట్టి, మాట పడిపోయి, కన్నులు తెరచియే ఏమీ చూడలేని స్థితికి వచ్చిన వారు వేలకు వేలు. మొదట్లో దీనిని పిరికితనమని తలచిన వారు కలరు. అది మనస్సుకు తగిలిన దెబ్బ అని వైద్యులు గ్రహించడం క్రమంగా జరిగింది.

మన సిపాయిలు

1914 సెప్టెంబరు చివర లాహోరు డివిజను సిపాయిలు ఫ్రాన్సులోని మార్సేల్ రేవులో దిగారు. వారి వెనుకనే మీరట్ డివిజను వచ్చింది. చాలామంది నూలు దుస్తులతోనే యూరపు చలిలోకి నడిచారు. సిపాయి జీతం నెలకు 11 రూపాయలు. అక్టోబరు 31న బెల్జియంలోని హోలెబెక్ వద్ద, తన మరతుపాకి వద్దనున్న తోటివారందరు మరణించినా నిలిచి పోరాడిన ఖుదాదాద్ ఖాన్ విక్టోరియా క్రాసు పొందిన తొలి భారతీయ సైనికుడు. 1915 ఏప్రిల్ 26న ఈప్ర్ వద్ద విషవాయువు నడుమ ఎనిమిది మంది బ్రిటిషు, భారతీయ అధికారులను మోసి తెచ్చుటలో తోడ్పడిన జమేదారు మీర్ దస్త్‌కు కూడా ఆ పతకమే లభించింది.

మన దక్కనుకు కూడా ఈ కథలో పాత్ర కలదు. హైదరాబాదు కంటింజెంటు అశ్వదళం నుండి ఏర్పడిన 20వ దక్కను హార్సు ఫ్రాన్సుకు వెళ్ళి, 1916 జూలై 14న సొమ్ రణరంగంలో గుర్రాలపై దాడి చేసింది. ముళ్ళతీగలను పేల్చి దారి చేయడానికి ఉపయోగించిన బెంగుళూరు టార్పీడో, 1912లో బెంగుళూరులోని మద్రాసు సాపర్ల వద్ద రూపొందినది. 1915 చివరకు భారతీయ పదాతిదళాలను ఫ్రాన్సు నుండి ఇరాకు ప్రాంతానికి తరలించారు. అశ్వదళాలు 1918 వరకు అక్కడనే ఉండి, వంతు వచ్చినప్పుడు గుర్రం దిగి కందకములలో కావలి కాచాయి. అన్ని రణరంగాలలో కలిపి సుమారు 74 వేల మంది భారతీయ సైనికులు మరణించారు. ఫ్రాన్సులోని నవ్ షాపెల్ వద్ద 1927లో ఆవిష్కరించిన స్మారకంపై సమాధి దొరకని 4,700 మందికి పైగా సైనికుల పేర్లు చెక్కబడి ఉన్నాయి. అక్కడ హిందువు, ముస్లిము, సిక్కు అన్న భేదం లేక ఒకే రాతిమీద నిలిచారు.

ఉత్తరాలు

సైనికునికి అన్నము తరువాత ముఖ్యమైనది ఉత్తరం. మన సిపాయిలలో అధికులు నిరక్షరాస్యులు. చదువు వచ్చిన తోటివాని చేత ఉర్దూలోనో, గురుముఖిలోనో, హిందీలోనో వ్రాయించుకొనేవారు. ఆ ఉత్తరాలను సైనిక తనిఖీదారులు చదివేవారు. అది తెలిసిన సిపాయిలు మాటలను మరుగుపరచి వ్రాసేవారు. నల్ల మిరియాలు అయిపోవచ్చాయి, ఎర్ర మిరపకాయలు తక్కువగా వాడుతున్నారు అన్న ధోరణిలో వ్రాస్తే, నల్లవి మనవారు, ఎర్రవి తెల్లదొరలు అని ఇంటివారు గ్రహించాలి. గాయం మానిన వానిని తిరిగి రణరంగానికి పంపడం వారికి కలిగించిన వేదన ఆ ఉత్తరాలలో పదే పదే కనిపిస్తుంది.

వాటిలో ఇంకొక విషయం మనవంటి విద్యాసంస్థల వారు గమనింపదగినది. ఫ్రాన్సులో పల్లెటూరి స్త్రీలు సైతం చదవడం, వ్రాయడం, లెక్కలు చూసుకొనడం ఈ సిపాయిలను ఆశ్చర్యపరచింది. మన పిల్లలను, ఆడపిల్లలను కూడ, బడికి పంపండి అని ఇంటికి వ్రాసినవారు కలరు. మృత్యువు ఎదుట కూర్చున్న మనిషి ఇంటికి పంపిన సలహా పొలము గురించి, పశువుల గురించి మాత్రమే కాక, చదువు గురించి కూడా కావడం సామాన్య విషయం కాదు.

విచారకరమైన సంగతి ఏమంటే ఆ ఉత్తరాల మూలప్రతులు బహుస్వల్పంగా తప్ప నిలువలేదు. తనిఖీదారులు తమ నివేదికల కోసం ఇంగ్లీషులోకి అనువదించుకొన్న భాగాలు మాత్రం లండనులో భద్రంగా ఉన్నాయి. సిపాయి పలికినది ఒక భాష, లేఖకుడు వ్రాసినది ఒక శైలి, మనకు మిగిలినది దొరగారి అనువాదం. స్వయంగా వ్రాయలేని వాని బ్రతుకును ఇతరులు తమ అవసరం కొద్దీ వ్రాసి ఉంచుతారు అనడానికి ఇంతకు మించిన దృష్టాంతం అక్కరలేదు.

1918 నవంబరు 11న ఉదయం 11 గంటలకు తుపాకులు మూగవోయాయి. కందకములు పూడిపోయి నేడు ఆ నేలలు పచ్చని పొలాలై ఉన్నాయి. ఇప్పటికీ నాగలికి నాటి గుండ్లు తగులుతూనే ఉంటాయి. ఉర్దూ, తెలుగు చదువుతున్న మన విద్యార్థి మిత్రులు తమ ఇండ్లలో పాత ఉత్తరాలు, పింఛను కాగితాలు, పతకాలు ఏవైనా ఉంటే వాటిని పారవేయక, చదివి, తేదీలు గుర్తించి భద్రపరచవలెనని కోరుతున్నాను. పెద్దలు చెప్పే సంగతులను వారి మాటలలోనే వ్రాసి ఉంచండి. సేనానుల చరిత్ర వ్రాయుటకు గ్రంథకర్తలు ఎందరో కలరు. సిపాయి చరిత్రను అతని భాషలో నిలుపవలసినది అతని మనుమలే.