పాత కారుకు కొత్త టైర్లు: కొలత కలిస్తే చాలదు

సూరత్: యాభై ఏళ్లు పైబడిన కారును పునరుద్ధరించే యజమానులు ఇంజిన్, రంగు, సీట్ల పనిపై నెలల తరబడి శ్రద్ధ పెడతారు. టైర్ల ప్రస్తావన మాత్రం తరచుగా చివర్లోనే వస్తుంది. ట్రెడ్ బాగా కనిపిస్తే పాతవాటినే ఉంచేయడం, లేదా రిమ్‌కు పట్టిన ఏదో ఒక టైరును ఎక్కించడం పరిపాటి. అయితే బ్రేకు, స్టీరింగ్ ఎంత పదిలంగా ఉన్నా, కారును రోడ్డుపై నిలిపేది టైరే. అందువల్ల ఈ ఎంపికలో జరిగే పొరపాటు నేరుగా ప్రాణాల మీదకు వస్తుంది.

గుజరాత్‌లో ఈ అంశానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. ప్రాణ్‌లాల్ భోగీలాల్ సేకరించిన వింటేజ్ కార్ల మ్యూజియం అహ్మదాబాద్ సమీపంలోని కఠ్‌వాడాలో ఉంది. 2023 జనవరిలో వడోదరలోని లక్ష్మీ విలాస్ ప్యాలెస్ ‘21 గన్ సెల్యూట్’ వింటేజ్ కార్ల ప్రదర్శనకు వేదికైంది. సూరత్ నుంచి వడోదరకు 48వ జాతీయ రహదారి మీదుగా సుమారు 150 కిలోమీటర్లు. భారీ లారీల రాకపోకల మధ్య, ఎండ వేడిమిలో పాత కారు అంత దూరం నడవాలంటే ముందుగా పరీక్షించవలసింది టైర్లనే.

నిబంధనలు ఏం చెబుతున్నాయి?

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ 2021 జులైలో వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషన్‌కు ప్రత్యేక నిబంధనలను నోటిఫై చేసింది. తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలు దీని పరిధిలోకి వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము రూ.20,000. అది పదేళ్లు చెల్లుతుంది. నంబర్ ప్లేటుపై రాష్ట్ర సంకేతం తర్వాత ‘వీఏ’ అక్షరాలు ఉంటాయి. ప్రదర్శన, సాంకేతిక పరిశోధన, వింటేజ్ ర్యాలీ, ఇంధనం నింపడం, మరమ్మతుల వంటి అవసరాలకే ఈ వాహనాలను రోడ్డెక్కించాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో గణనీయమైన మార్పులు చేయకుండా మూలరూపంలో ఉంచాలి.

1970ల తొలినాళ్లలో రిజిస్టరైన అంబాసిడర్, ఫియట్ కార్లు సైతం ఇప్పుడు ఈ పరిధిలోకి వచ్చాయి. కాబట్టి ఇది సంస్థానాధీశుల కార్లకే పరిమితమైన సమస్య కాదు. తాతల నాటి కారును కాపాడుకుంటున్న మధ్యతరగతి కుటుంబాలకూ వర్తిస్తుంది.

ముందు వయసు, తర్వాత ట్రెడ్

కార్ల టైర్లలో ట్రెడ్ లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గకూడదన్నది నిబంధన. వింటేజ్ కారు ఏడాదికి కొన్ని వందల కిలోమీటర్లే తిరుగుతుంది గనుక ట్రెడ్ దశాబ్దాలైనా అరగదు. ఈలోగా రబ్బరు మాత్రం గట్టిపడుతుంది. పక్కభాగాల్లో సన్నని పగుళ్లు ఏర్పడతాయి. లోపలి పొరల మధ్య పట్టు సడలుతుంది. అటువంటి టైరు వేగం, వేడి పెరిగిన తరుణంలో ఒక్కసారిగా విచ్చిపోయే ప్రమాదముంది.

టైరు వయసును పక్కభాగంపై ఉన్న అంకెలు తెలియజేస్తాయి. 2000 సంవత్సరం నుంచి తయారైన టైర్లపై నాలుగంకెల సంకేతం ఉంటుంది. ఉదాహరణకు ‘2319’ అంటే 2019లో 23వ వారంలో తయారైనది. మూడంకెలే ఉంటే అది అంతకు ముందు కాలపు టైరు. దానిని నిస్సందేహంగా మార్చాల్సిందే. అయిదేళ్ల తర్వాత ఏటా నిపుణులతో పరీక్ష చేయించాలని, పదేళ్లు దాటితే ట్రెడ్ ఎలా ఉన్నా మార్చాలని మిషెలిన్ సంస్థ సూచిస్తోంది. దుకాణంలో ఏళ్ల తరబడి వాడకుండా ఉంచిన ‘కొత్త’ పాత టైర్లకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

పాత కొలతల భాష

నేటి టైరుపై ‘205/55 ఆర్ 16’ వంటి సంకేతం కనిపిస్తుంది. వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్కభాగం ఎత్తు అందులో 55 శాతం, రిమ్ వ్యాసం 16 అంగుళాలు అని దాని అర్థం. పాత పద్ధతిలో ‘6.00-16’ అంటే వెడల్పు 6 అంగుళాలు, రిమ్ 16 అంగుళాలు. పక్కభాగం ఎత్తు ప్రస్తావన ఉండదు. ఆనాటి టైర్లలో అది దాదాపు వెడల్పుతో సమానంగా ఉండేది. అంబాసిడర్‌కు 5.90-15, ప్రీమియర్ పద్మినికి 5.20-14 కొలతలు వాడుకలో ఉండేవి.

రెండు టైర్లకూ రిమ్ 16 అంగుళాలే అయినంత మాత్రాన అవి సమానం కావు. 6.00-16 టైరు మొత్తం వ్యాసం సుమారు 71 సెంటీమీటర్లు. 205/55 ఆర్ 16 వ్యాసం 63 సెంటీమీటర్లే. ఈ మార్పు వల్ల కారు దాదాపు 4 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. స్పీడోమీటర్ 50 చూపుతున్నప్పుడు అసలు వేగం 44 కిలోమీటర్ల చుట్టూ ఉంటుంది. అదే వేగానికి ఇంజిన్ మరింత శ్రమించాలి. వెడల్పు పెరగడంతో పవర్ స్టీరింగ్ లేని కారును మలపడం కష్టమవుతుంది. మలుపుల్లో టైరు మడ్‌గార్డుకు తగలవచ్చు.

1920లకు ముందరి కార్లది మరో పద్ధతి. వాటిలో ‘895×135’ వంటి కొలతలు కనిపిస్తాయి. మొదటిది మిల్లీమీటర్లలో మొత్తం వ్యాసం, రెండోది వెడల్పు. అటువంటి టైర్ల అంచులో తీగ ఉండదు. గాలి ఒత్తిడే టైరును రిమ్ కొక్కేల్లో పట్టి ఉంచుతుంది. గాలి తగ్గితే టైరు ఊడిపోయే అవకాశం ఉన్నందున ప్రయాణానికి ముందు ప్రతిసారీ ఒత్తిడి చూసుకోవాలి. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లోని నిజాం రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఆ తరానికి చెందినదే.

ట్రాక్టర్ టైరుతో జాగ్రత్త

మన దేశంలో 6.00-16 కొలత టైర్లు ఏ చిన్న పట్టణంలోనైనా దొరుకుతాయి. వాటిలో అనేకం ట్రాక్టర్ ముందు చక్రాలకు ఉద్దేశించినవి. ధర తక్కువ, రిమ్‌కు సరిగ్గా సరిపోతాయి. కానీ అవి పొలం పనికి, తక్కువ వేగానికి రూపొందాయి. వాటిపై ఉండే ‘ఏ6’ సంకేతానికి గంటకు 30, ‘ఏ8’కు 40 కిలోమీటర్లే గరిష్ఠ వేగం. పొడవాటి గాళ్లతో ఉండే ఆ ట్రెడ్‌కు తడి తారురోడ్డుపై బ్రేకు పట్టు కూడా తక్కువే. హైవేపై వాటితో ప్రయాణించడం శ్రేయస్కరం కాదు.

అందుకే కొలతతో పాటు మరో రెండు సంకేతాలు చూడాలి. లోడ్ ఇండెక్స్ ఒక టైరు మోయగల బరువును తెలుపుతుంది. 82 అంటే 475 కిలోలు, 91 అంటే 615 కిలోలు. దాని పక్కనున్న అక్షరం వేగ పరిమితి. ‘పీ’ అంటే 150, ‘ఎస్’ అంటే 180 కిలోమీటర్లు.

క్రాస్‌ప్లైనా, రేడియలా?

పాత టైర్లలో దారపు పొరలు ఏటవాలుగా ఒకదానిపై ఒకటి అడ్డంగా సాగుతాయి. ఇదే క్రాస్‌ప్లై. మిషెలిన్ 1946లో పేటెంట్ పొందిన రేడియల్‌లో పొరలు అంచు నుంచి అంచుకు నిలువుగా ఉండి, ట్రెడ్ కింద ప్రత్యేక బెల్టు ఉంటుంది. రేడియల్‌కు పట్టు ఎక్కువ. అయితే మలుపుల్లో ఆ అధిక పట్టు వల్ల పాత రిమ్‌లు, సస్పెన్షన్‌పై ఒత్తిడి పెరుగుతుంది. మూలరూపానికి విలువనిచ్చే ప్రదర్శనలకు క్రాస్‌ప్లై అనువైనది. తరచూ నడిపే, రిమ్ దృఢంగా ఉన్న 1960ల కార్లకు సరైన కొలత రేడియల్ సౌకర్యంగా ఉంటుంది. ఒకే ఇరుసుపై రెండు రకాలను కలపకూడదు. తప్పనిసరైతే రేడియల్‌లు వెనుక మాత్రమే ఉండాలి. అవి ముందుంటే మలుపులో కారు వెనుక భాగం జారుతుంది.

పాత రిమ్‌లు ట్యూబ్‌లెస్ టైర్ల కోసం చేసినవి కావు. ఊచల చక్రాల్లో గాలి నిలవదు గనుక ట్యూబ్, దానికి ఊచలు గుచ్చుకోకుండా లోపలి పట్టీ తప్పనిసరి. 2006 ఆగస్టులో తాపీ నది వరద సూరత్‌లో అధిక భాగాన్ని ముంచెత్తింది. అలా నీటిలో నానిన కారయితే టైరు విప్పినప్పుడు రిమ్ లోపలి తుప్పును గీకించి, పగుళ్లు లేవని నిర్ధారించుకున్నాకే కొత్త టైరు ఎక్కించాలి.

కొనుగోలు, నిల్వ

అరుదైన కొలతల టైర్లను అమెరికాకు చెందిన కోకర్ టైర్, మిషెలిన్, పిరెల్లీ వంటి సంస్థలు పాత నమూనాలలోనే తయారు చేస్తున్నాయి. కేంద్రం 2020 జూన్‌లో కొత్త టైర్ల దిగుమతిని ‘పరిమిత’ విభాగంలో చేర్చింది. కార్ల టైర్లకు ఐఎస్ 15633 ప్రమాణం ఉంది. కనుక విదేశాలకు ఆర్డరు పంపేముందు దిగుమతి అనుమతి, ఐఎస్‌ఐ ముద్ర విషయాలను కస్టమ్స్ ఏజెంటుతో నిర్ధారించుకోవడం మేలు. లేదంటే సరుకు ఓడరేవులోనే చిక్కుకుంటుంది.

కొన్న తర్వాత కారును నెలల తరబడి కదపకుండా ఉంచితే బరువుకు టైరు ఒకవైపు చదునవుతుంది. అందువల్ల ఇరుసుల కింద స్టాండ్లు పెట్టి చక్రాలను నేల నుంచి లేపాలి. ఎండ పడనివ్వకూడదు. విద్యుత్ మోటార్ల నుంచి వెలువడే ఓజోన్ రబ్బరును పగులగొడుతుంది కాబట్టి వాటికి దూరంగా నిలపాలి. స్టెప్నీని మరువరాదు. డిక్కీలో ఉండే ఆ అయిదో టైరే తరచుగా అన్నింటికన్నా పాతది. మిగతా నాలుగింటితో పాటే దాని తేదీనీ చదివి, అవసరమైతే అదే ఆర్డరులో మార్చుకోవాలి.