538 వెనక ఉన్న లెక్కలు

అమెరికా అధ్యక్షుణ్ని లాంఛనంగా ఎన్నుకునేది 538 మంది ఎలక్టర్లు. గెలవాలంటే 270 ఓట్లు రావాలి. ప్రతినిధుల సభ సీట్లు 435, సెనెట్ సీట్లు 100, రాజధాని వాషింగ్టన్‌కు 1961లో 23వ సవరణ ఇచ్చిన 3 కలిపితే ఈ 538 వస్తుంది. ఈ లెక్కలో చాలా భాగం పాత బేరసారాల్లో తేలిందే.

22: తొలి సభ

రాజైనా చట్టానికి లోబడాల్సిందేనన్న సూత్రానికి ఇంగ్లండ్‌లో 1215 నాటి మాగ్నా కార్టా పునాది వేసింది. ఆ సంప్రదాయాన్ని వలస వచ్చినవాళ్లు వెంట తెచ్చుకున్నారు. 1619 జూలై 30న వర్జీనియాలోని జేమ్స్‌టౌన్ చర్చిలో, ఎన్నికైన 22 మంది ప్రతినిధులు గవర్నరు, ఆయన సలహాదారులతో కలిసి కూర్చున్నారు. ఎండలు, జబ్బులు తట్టుకోలేక ఆరు రోజులకే సభ ముగించారు. ఆ తర్వాత నెల తిరక్కుండానే, బందీలుగా పట్టి తెచ్చిన ఇరవై మందికి పైగా ఆఫ్రికన్లను అదే వర్జీనియా తీరంలో అమ్మేశారు. అమెరికా చరిత్రలో ప్రజాప్రాతినిధ్యం, బానిసత్వం పక్కపక్కనే వేళ్లూనుకున్నాయి.

100: చిన్న రాష్ట్రాల పంతం

1787లో రాజ్యాంగం రాయడానికి ఫిలడెల్ఫియాలో 55 మంది చేరారు. జనాభాను బట్టి సీట్లు కావాలని పెద్ద రాష్ట్రాలు, అందరికీ సమానంగా ఉండాలని చిన్న రాష్ట్రాలు పట్టుబట్టాయి. జూలై 16న రాజీ కుదిరింది: కింది సభలో జనాభా లెక్క, సెనెట్‌లో రాష్ట్రాలన్నిటికీ సమాన వాటా (ఆ వాటా తర్వాత రాష్ట్రానికి 2 సీట్లుగా తేలింది). రాష్ట్రాల ఓట్లలో ఆ రాజీ నెగ్గింది 5–4 తేడాతోనే.

3/5: చేదు లెక్క

జనాభా లెక్కలో బానిసలను ఎలా చేర్చాలి? ప్రతి ఐదుగురినీ ముగ్గురిగా లెక్కగట్టారు. 1790 జనగణనలో దాదాపు 39 లక్షల మంది తేలితే, అందులో సుమారు 7 లక్షల మంది బానిసలు. వాళ్లకు ఓటు లేదు. వాళ్ల తలలు లెక్కేసి వచ్చిన అదనపు సీట్లు, ఎలక్టోరల్ ఓట్లు మాత్రం యజమానుల రాష్ట్రాలకు దక్కాయి. అంతర్యుద్ధం జరిగాక, 1868లో 14వ సవరణ ఈ లెక్కను చెరిపేసింది. జాతి పేరుతో ఓటు నిరాకరించకూడదని 1870లో, స్త్రీ అన్న కారణంతో నిరాకరించకూడదని 1920లో సవరణలు వచ్చాయి. దక్షిణాది నల్లజాతి ప్రజలకు ఆ హక్కు నిజంగా అందడానికి 1965 నాటి ఓటింగ్ హక్కుల చట్టం దాకా పోరాడాల్సి వచ్చింది.

27: సవరణలు, ఒక అడ్డుగోడ

ఇప్పటికి 27 సవరణలు జరిగాయి. ఒక్కోదానికీ నాలుగింట మూడొంతుల రాష్ట్రాలు, అంటే ఈనాటి లెక్కన 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలి. కానీ ఏ రాష్ట్రానికైనా సెనెట్‌లో ఉన్న సమాన వాటాను దాని సమ్మతి లేకుండా తగ్గించకూడదని రాజ్యాంగంలోని 5వ అధికరణం కట్టడి చేసింది. 1790లో డెలావేర్ కన్నా వర్జీనియా జనాభా 12 రెట్లకు పైగా ఎక్కువ. 2020 నాటికి వయోమింగ్‌కూ కాలిఫోర్నియాకూ తేడా 68 రెట్లు దాటింది. సెనెటర్లు మాత్రం అక్కడా ఇద్దరే, ఇక్కడా ఇద్దరే. ఓటు హక్కును తరతరాల పోరాటాలు ఇంతమందికి చేర్చగలిగాయి గానీ, ఆ ఓటు విలువను సమం చేయడం ఇంకా మిగిలే ఉంది.