ధరల అంచనా: నైలు కొలతలు నేర్పిన పాఠం

రానున్న నెలలో గోధుమల ధర ఎంత ఉంటుందో ముందుగా చెప్పడం గైబ్‌లో, అనగా అగోచర విషయాలలో జోక్యం చేసుకోవడమేనా? రేపు తాను ఏమి సంపాదిస్తాడో ఏ మనిషీ ఎరుగడని దివ్య ఖుర్‌ఆన్‌లోని లుఖ్మాన్ సూరా చివరి ఆయత్ బోధిస్తున్నది. సోదె చెప్పే కాహిన్ల మాట నమ్మరాదని దైవప్రవక్త (స) గట్టిగా వారించారు. ఈ కారణంగా ధరల అంచనాలను కొందరు సందేహంతో చూస్తారు. మరికొందరు వాటిని కంప్యూటరు ఇచ్చిన తిరుగులేని తీర్పుగా భావిస్తారు. రెండు వైఖరులకూ మూలం ఒకటే: ఆ లెక్క ఎలా సాగుతుందో, ఎక్కడ ఆగుతుందో తెలియకపోవడం.

లెక్క సాగే తీరు

ఒకే విషయాన్ని సమాన కాలవ్యవధులలో కొలిచి వరుసగా రాసిన అంకెలను గణాంకశాస్త్రంలో కాలశ్రేణి అంటారు. ఒక మార్కెట్టులో ఇరవై ఏళ్లపాటు నెలనెలా నమోదైన గోధుమ ధర 240 అంకెల కాలశ్రేణి అవుతుంది. ఇందులో నాలుగు కదలికలు కలగలసి ఉంటాయి. ఏళ్ల తరబడి ఒకే దిశగా సాగేది దీర్ఘకాలిక ప్రవృత్తి. పంట చేతికి వచ్చినప్పుడు తగ్గి, పాత నిల్వలు అడుగంటే రోజులలో పెరిగేది ఋతు విచలనం. కొన్నేళ్లకొకసారి లేచి పడేది చక్రీయ విచలనం. యుద్ధం, వరద, వదంతి వంటి వాటివల్ల కలిగేది క్రమరహిత విచలనం.

పన్నెండు నెలల ధరల సగటు తీసి, ఆ సగటును ఒక్కొక్క నెల ముందుకు జరుపుతూ పోతే ఋతువుల ప్రభావం చదునై, ప్రవృత్తి బయటపడుతుంది. ప్రతి నెల ధరను ఆ సగటుతో పోల్చితే ఏ నెలలో ధర ఎంత హెచ్చుతుందో, ఎంత తగ్గుతుందో తెలుస్తుంది. ఈ రెండింటినీ తీసివేయగా మిగిలిన దానిలోనూ ఒక విధమైన జ్ఞాపకం ఉండవచ్చు. ఈ నెల అంకె గత నెలల అంకెలను కొంతమేరకు అనుసరిస్తుంది. ఇటువంటి సంబంధాన్ని సమీకరణంగా రాయవచ్చునని 1927లో ఉడ్నీ యూల్ సూర్యుని మచ్చల లెక్కల ఆధారంగా చూపారు. 1970లో బాక్స్, జెంకిన్స్ తమ గ్రంథంలో ఈ పద్ధతిని క్రమబద్ధం చేశారు.

అంచనాకు పరీక్ష కూడా ఉన్నది. చివరి రెండేళ్ల ధరలను పక్కన పెట్టి, అంతకు ముందరి ధరలతోనే వాటిని లెక్కగట్టి, ఆనక అసలు ధరలతో సరిచూడాలి. 'వచ్చే నెల ధర ఈ నెల ధరే' అనే అతి సామాన్యమైన అంచనాకన్నా ఈ లెక్క నిజానికి దగ్గరగా రాకపోతే ఆ శ్రమ వ్యర్థమే. కాలం సాగేకొద్దీ పొరపాటు కూడా పెరుగుతుంది. నెలనెలా మార్పులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే అది కాలపు వర్గమూలం చొప్పున పెరుగుతుంది. ఒక నెల ముందటి అంచనాలో 5 రూపాయల తేడా మామూలు అనుకుంటే, నాలుగు నెలల ముందటి అంచనాలో 10 రూపాయల తేడా మామూలే. కావున నిజాయితీగల అంచనా ఒక్క అంకె చెప్పి ఊరుకోదు. ఇంతకూ ఇంతకూ మధ్య ఉండవచ్చునని చెబుతుంది. కాహిన్‌కూ గణకునికీ గల మొదటి భేదం ఇదే. ఒకడు తెలియనిదాన్ని తెలుసునంటాడు. రెండవవాడు తనకు తెలియనిది ఎంతో కూడా కొలిచి చెబుతాడు.

రౌదా ద్వీపంలోని కొలత స్తంభం

ఇటువంటి లెక్కలకు ఎంతో విలువైన ఆధారం ఈజిప్టు ముస్లిముల ద్వారా లభించింది. కైరో వద్ద రౌదా ద్వీపంలో అబ్బాసీ ఖలీఫా ముతవక్కిల్ హయాములో, హిజ్రీ 247 (క్రీ.శ. 861)లో, నైలు నీటిమట్టం కొలిచే మిఖ్యాస్ నిర్మితమైంది. మధ్యనున్న రాతి స్తంభంపై మూరల గుర్తులు చెక్కారు. గోడలపై నీటినీ పైరుపచ్చలనూ ప్రస్తావించే ఆయతులు చెక్కారు. ఏటా వేసవిలో వచ్చే వరద 16 మూరలు చేరితే పంటకు భరోసా, ప్రభుత్వానికి శిస్తు. చేరకపోతే కరువు భయం. పదిహేనవ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్న్ తగ్రీబిర్దీ ప్రతి సంవత్సర వృత్తాంతాన్నీ ఆ యేటి నది మట్టంతో ముగించేవారు. పాత గ్రంథాల నుంచి కూర్చిన ఈ కొలతలలో క్రీ.శ. 622 నుంచి 1284 వరకు గల 663 ఏళ్ల వరుస నేటికీ గణాంక విద్యార్థులకు పాఠ్యాంశం.

ఈజిప్టులో దశాబ్దాలపాటు పనిచేసిన బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు హెచ్.ఇ. హర్స్ట్ నైలు లెక్కలనూ ఇతర ప్రకృతి లెక్కలనూ పరిశీలించి 1951లో ఒక విశేషం వెల్లడించారు. హెచ్చుతగ్గుల విస్తృతి వర్గమూలం చొప్పున, అంటే 0.5 ఘాతంతో పెరగవలసి ఉండగా, సుమారు 0.73 ఘాతంతో పెరుగుతున్నది. అనగా మంచి ఏళ్లు మంచి ఏళ్లతో, చెడ్డ ఏళ్లు చెడ్డ ఏళ్లతో గుంపుగూడుతున్నాయి. 1968లో మాండెల్‌బ్రాట్, వాలిస్ అనే పరిశోధకులు దీనికి యూసుఫ్ ప్రవక్త (అ) పేరు పెట్టారు. ఏడేళ్ల సమృద్ధి, ఏడేళ్ల క్షామం ఎవరికి గుర్తురావు? ఉన్నట్టుండి వచ్చిపడే విపరీతానికి నూహ్ ప్రవక్త (అ) పేరు పెట్టారు. అటువంటి విపరీతాలు ధరలలోనూ సాధారణ సూత్రాలు ఊహించిన దానికన్నా తరచుగా వస్తాయని మాండెల్‌బ్రాట్ అంతకు ముందే, 1963లో, పత్తి ధరలలో చూపారు.

అయితే హజ్రత్ యూసుఫ్ (అ) జ్ఞానం అల్లాహ్ ప్రసాదించినది, గణాంకాల ఫలితం కాదు. గణకునికి ఆ స్థాయి లేదు. గతంలో నడిచిన క్రమం ఇకముందూ నడుస్తుందన్న షరతు మీదనే అతని లెక్కంతా నిలుస్తుంది. 1970లో అస్వాన్ పెద్ద ఆనకట్ట పూర్తయిన తరువాత కైరోకు ఆ వరదే రాలేదు. శతాబ్దాల క్రమం ఒక్క కట్టడంతో మారిపోయింది.

నది వినదు, బజారు వింటుంది

నది మట్టాన్ని అంచనా కట్టడానికీ ధరను అంచనా కట్టడానికీ ఒక మౌలికమైన తేడా ఉన్నది. ఫాతిమీ పాలకుడు ముఇజ్జ్ దీన్ని గ్రహించాడు. నైలు ఎంత పెరిగిందో ప్రతిరోజూ వీధులలో చాటింపు వేయడం కైరో ఆచారం. హిజ్రీ 362 (క్రీ.శ. 973)లో ఆయన ఆ చాటింపును ఆపించాడు. 16 మూరలు నిండేవరకు మట్టం తనకూ సేనాని జౌహర్‌కూ మాత్రమే తెలపాలన్నాడు. ఈ సంగతి చెబుతూ అల్ మఖ్రీజీ ఆ ఏర్పాటును ఎంతగానో మెచ్చుకున్నారు. నది నాలుగు రోజులు ఆగితే చాలు, జనం కలవరపడతారు; ధాన్యం ఉన్నవారు అమ్మకం మానేస్తారు; డబ్బున్నవారు కొని దాస్తారు; కొరత రాకముందే ధర మండుతుంది. ఆయన వివరణ సారాంశం ఇది. కైరో ముహ్తసిబ్‌గా బజార్ల పర్యవేక్షణ చేసిన అనుభవం ఆయనకున్నది.

చాటింపు విని నది పెరగదు, తగ్గదు. కాని బజారు చాటింపు వింటుంది. ధర పెరుగుతుందన్న మాటే ధరను పెంచుతుంది. 2007 అక్టోబరులో ఇండియా బాస్మతీయేతర బియ్యం ఎగుమతులపై ఆంక్షలు పెట్టింది. మరికొన్ని దేశాలు అదే దారి పట్టాయి. ప్రపంచ వరి దిగుబడి పడిపోకపోయినా, 2008 ప్రథమార్ధంలోనే అంతర్జాతీయ విపణిలో బియ్యం ధర రెట్టింపు దాటింది. భయపడి కొనేవారు, ఆశపడి దాచేవారు కలిసి కొరతను సృష్టించారు.

షరీఅత్ దృష్టి

కాబట్టి ధరను అంచనా కట్టడం జ్ఞానం మాత్రమే కాదు, ఒక క్రియ కూడా. క్రియ అయినప్పుడు దానికి హలాల్, హరామ్ నియమాలు వర్తిస్తాయి. ధరలు పెరిగాయని, రేటు నిర్ణయించమని సహచరులు కోరినప్పుడు దైవప్రవక్త (స) అంగీకరించలేదు. ధరలను నిర్ణయించేవాడు అల్లాహ్ అని, తనపై ఎవరి హక్కు బాకీ లేకుండా ఆయనను కలుసుకోగోరుతున్నానని తెలిపారు. కాని బజారును విచ్చలవిడిగానూ వదలలేదు. ధర పెరుగుదల కోసం ధాన్యం దాచేవాడిని, అంటే ఇహ్తికార్ చేసేవాడిని, పాపిగా పేర్కొన్నారు. సరుకు తెచ్చే బిడారులకు ఊరి బయటే ఎదురేగి కొనడాన్ని నిషేధించారు. ఎదురేగేవానికి బజారు ధర తెలుసు, వచ్చేవానికి తెలియదు. ఆ విధంగా అమ్మినవాడు బజారుకు చేరాక బేరాన్ని రద్దు చేసుకోవచ్చునని కూడా అనుమతించారు.

ధరల అంచనాకు ఇక్కడే కొలబద్ద దొరుకుతుంది. ఎప్పుడు విత్తాలో, ఎంత అమ్మాలో రైతుకు తెలిపే అంచనా, క్షామానికి ముందే ప్రజల కోసం ధాన్యం సమకూర్చే అంచనా యూసుఫ్ (అ) ఏర్పాటు బాటలోనివి. అదే అంచనా కొద్దిమంది దగ్గర దాగి, తెలియనివారి సరుకును చవకగా కొనడానికి ఉపయోగపడితే అది ఊరి బయట బిడారుకు ఎదురేగడమే. పొరపాటు పరిధిని దాచి, ఒక్క అంకెను చాటి జనాన్ని బెదరగొడితే అది కాహిన్ పనికి దగ్గర. లెక్క ఒకటే అయినా, అది ఎవరి చేతిలో ఎందుకు వినియోగమవుతున్నదో దానిని బట్టి తీర్పు మారుతుంది. యథార్థం ఎరిగినవాడు అల్లాహ్ మాత్రమే.