తండా ఆడబిడ్డకూ చట్టముంది

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి తండాల నుంచీ, కోయగూడేల నుంచీ వచ్చిన మిత్రులు నన్ను తరచూ అడుగుతుంటారు: "హిందూ వివాహ చట్టమే మాకు వర్తించదు గదా, మా చెల్లెను మొగుడు కొడితే ఏ కోర్టు వింటది?"

నిజమే. కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప 1955 నాటి ఆ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. కాని 2005 నాటి గృహహింస చట్టంలో అటువంటి మినహాయింపు లేదు. బాధితురాలు తానుగా గాని, రక్షణాధికారి ద్వారా గాని మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మామూలుగా మూడు రోజుల్లోపే మొదటి వాయిదా. ఆమెను కొట్టరాదని మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఇంట్లోంచి గెంటరాదనీ ఆదేశించవచ్చు. రక్షణ ఉత్తర్వును మీరితే ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకూ, గిరిజనులకూ వకీలు ఉచితం.

పంచాయితీ పెద్దలు "సర్దుకుపో బిడ్డా" అని పంపేసిన చెల్లెకు ఈ నాలుగు ముక్కలు చెప్పగలిగితే, మన చదువు తండా దాకా చేరినట్టే.